ఒంటి మనిషి ఎత్తే ఇంజను

పోయిన నెల మా షెడ్డులోంచి కంబాలు వెళ్లిపోయాయి. కంబాలంటే ఏవో స్తంభాలనుకోకండి. బండ్లలోంచి ఇంజన్లు పైకెత్తడానికి మా ఆయన సొంతంగా చేసుకున్న సాధనం అది. అటు రెండు కాళ్లు, ఇటు రెండు కాళ్లు, వాటి మీద అడ్డంగా ఒక ఇనుప దూలం, దూలానికి వేలాడే గొలుసు, గొలుసు చివర కొక్కెం. బజార్లో దానికి ఏ పేరుందో గానీ మా ఇంట్లో మాత్రం కంబాలే. ఆయన పోయిన తర్వాత నేను దాని మీద తడిబట్టలు ఆరేసుకుంటూ వచ్చాను. బుక్కరాయసముద్రంలో ఇంటి ముందే షెడ్డు వేసుకున్న ఒక మెకానిక్కు ఎవరో చెప్పారట, బత్తలపల్లెలో ఒకామె దగ్గర ఇట్లాంటిది ఊరికే పడి ఉందని. భార్యను వెంటబెట్టుకుని ట్రాలీ ఆటోలో వచ్చాడు. మా పుట్టింటి ఊరివాళ్లు కదా అని నేను కూడా మారుమాట అనలేదు. "తీసకపో నాయనా, బట్టలకు తాడు కట్టుకుంటాలే" అన్నాను. అతను బోల్టులు విప్పుతుంటే ఆ అమ్మాయి నా పక్కన నిలబడి అంది: "ఇదొస్తే ఇంక నన్ను పిలవడు గదమ్మా. పొద్దన లేస్తే తాడు పట్టుకో, తాడు పట్టుకో అని పానం తీస్తాండాడు." ఆ మాట అంటుంటే దాని మొహం వెలిగిపోతోంది. "ఇంక పిలవడులేమ్మా" అన్నాను. వాళ్లు పోయిన తర్వాత చాలాసేపు షెడ్డులోంచి ఇంట్లోకి రాలేకపోయాను. ఆ పిల్ల అంత సంబరంగా చెప్పిన మాటే, ఆ వయసులో నన్ను ఏడిపించిన మాట.

మా పుట్టిల్లు మాటల ఇల్లు. అక్కచెల్లెళ్లం, చిన్నమ్మలు, వాళ్ల పిల్లలు, అందరం ఒకే వసారాలో కూర్చుని శనక్కాయలు ఒలిచేవాళ్లం. ఒకరు మాట మొదలుపెడితే ఇంకొకరు అందుకునేవాళ్లు, మూడోవాళ్లు దానికి ఉప్పూకారం చల్లి పూర్తి చేసేవాళ్లు. "కోళ్లగంపప్పా ఇది" అని విసుక్కుంటూనే మా నాయన వచ్చి మా మధ్యే కూర్చునేవాడు. చెరువు మీది గాలి నేరుగా ఆ వసారాలోకి వచ్చేది. చెరువులో నీళ్లు లేని ఏడు కూడా గాలి వచ్చేది, దాంతోపాటు ఎవరో ఒకరు వచ్చేవాళ్లు. అట్లాంటి ఇంట్లోంచి నన్ను తెచ్చి బత్తలపల్లెలో తారురోడ్డు పక్కనున్న ఇంట్లో పడేశారు. ముందర రేకుల షెడ్డు, వెనక రెండు గదులు, ఆ వెనక నీళ్లు లేని బావి. ఇంట్లో మేం ముగ్గురం. మా అత్త, మా ఆయన, నేను.

మా అత్త చెడ్డది కాదు. కాకపోతే ఆమెకు చెవుడు. గోడలకు చెవులుంటాయంటారు, ఆ ఇంట్లో ఉంటే గోడలకే ఉండాలి, మా అత్తకైతే లేవు. నేను చెప్పేది ఆమెకు వినపడదు, ఆమె చెప్పేదానికి నా జవాబుతో పని లేదు. "సంగటి కెలుకు", "ఊరుబిండి నూరు", "కోళ్లను మూయి" అని మూడు మాటలు చెప్పి చేటలో గింజలు ఏరుకుంటూ కూర్చునేది. ఇక మా ఆయన. పెళ్లిచూపులనాడు "పిల్లోడు మాటలు పొదుపు" అని పెద్దలు మెచ్చుకున్నారు. పొదుపు కాదు తల్లీ, కరువు. పొద్దున బొరుగులు తిని షెడ్డులోకి పోయేవాడు, మధ్యాహ్నం చేతులకు కిరసనాయిలు రుద్దుకుని, దాని మీద బూడిద వేసి తోముకుని, రవ్వన్ని నీళ్లతో కడుక్కుని అన్నానికి కూర్చునేవాడు. ఆ కిరసనాయిలు వాసనతోపాటే సంగటి ముద్ద మింగేవాడు. ఉప్పు తక్కువైతే ఉప్పు డబ్బా వైపు చూసేవాడు. అంతే, అడగడు.

వీధిలోనైనా మనుషులుంటే బతికిపోయేదాన్ని. ఆ ఏళ్లలో వాన మొహం చాటేసింది. వేసిన శనక్కాయ వేసినట్టే మట్టిలో మాడిపోయింది. ఒక్కొక్క ఇంటికీ తాళం పడుతూ వచ్చింది. అందరూ బెంగళూరుకే, కట్టడాల పనికి. పక్కింటి లక్ష్మక్క పోతూపోతూ తన కోళ్లను నాకప్పగించింది. నేను ఆ కోళ్లతో మాట్లాడేదాన్ని, నవ్వితే నవ్వండి. వాటికి మా అక్కచెల్లెళ్ల పేర్లు పెట్టుకుని, పేరుపేరునా పలకరించి గింజలు వేసేదాన్ని.

వీధి ఖాళీ కావడంతో మా ఆయన పనికి పెద్ద ఇబ్బంది వచ్చింది. షెడ్డు గోడల మీద అడ్డంగా ఒక పైపు పెట్టి, దానికి మా ఎండిపోయిన బావి గిలకలు కట్టి, వాటిలోంచి లావు మోకు దూర్చి ఇంజను పైకి లాగేవాళ్లు. అంతవరకూ "ఒక చెయ్యి వెయ్యండప్పా" అంటే వీధిలో మగవాళ్లంతా వచ్చేవాళ్లు. ఇప్పుడు పిలిస్తే పలికే మగవాడు లేడు. ఒకరోజు ఆయన వంటింటి గడప దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. "రొంత వస్తావా" అన్నాడు. పెళ్లయిన తర్వాత ఆయన నన్ను ఏదైనా అడగడం అదే మొదలు. చేతిలో పిండి కూడా కడుక్కోకుండా పోయాను.

షెడ్డు వాకిట్లో ఒక రాతిగుంజ ఉండేది. ఆయన మోకు లాగుతుంటే, లాగిన మోకును నేను ఆ గుంజకు చుట్టుకుంటూ బిగించి పట్టుకోవాలి. ఇంజను బండిలోంచి లేచిన తర్వాత ఆయన దాన్ని పక్కకు నెట్టుకుంటూ చెబుతుంటే, నేను కొంచెం కొంచెంగా వదలాలి. "పట్టు. నిలుపు. ఇడువు." అంతే మాటలు. కానీ ఆ మాటలు చెప్పేటప్పుడు ఆయన నా మొహంలోకి చూసేవాడు. బరువు అటు ఆయన చేతిలో, ఇటు నా చేతిలో ఉన్నంతసేపూ ఆయన చూపు నా మీదే ఉండేది. ఆ ఇంట్లో నేనున్నానని ఒక మనిషికి గుర్తున్న వేళ అదొక్కటే. మోకు రాసుకుని నా అరచేతులు పగిలిపోయాయి. ఆముదం పూసుకుని, కొంగులో దాచుకుని అన్నం వడ్డించేదాన్ని. చెబితే ఇంక పిలవడని భయం. రోడ్డు మీద ఏదైనా బండిని తాడు కట్టి లాక్కొస్తుంటే, దేవుడా దాని ఇంజను దించాల్సి రావాలి అని మొక్కుకునేదాన్ని. పరాయివాళ్ల బండి చెడిపోవాలని కోరుకున్న దాన్ని నేనొక్కదాన్నే అయ్యుంటాను.

ఒకనాడు ఒక జీపు ఇంజను ఎత్తాం. మోకుకు ఎక్కడ అంటిందో గ్రీజు, గుంజ మీద జారడం మొదలైంది. నాకు కనపడుతోంది, చేతికి తెలుస్తోంది, ఆపలేకపోతున్నాను. ఆయన ఇంజను పక్కనే వంగి ఉన్నాడు, నా వైపు చూడటం లేదు. పిలవాలి. ఏమని పిలవను? మాలో మొగుడి పేరు పలికితే ఆయుష్షు తగ్గుతుందని చిన్నప్పటినుంచీ నాలుకకు వాత పెట్టినట్టు నేర్పారు. ఓటరు పేర్లు రాసుకునే అతను వచ్చి అడిగినా పక్కింటామెతో చెప్పించేవాళ్లం. నాలుక కొసకు వచ్చిన పేరు అక్కడే ఆగిపోయి, "అత్తా" అని కేక పెట్టాను. ఆయన వెనక్కి జరగకుండా, వాళ్లమ్మకు ఏమైందోనని ఇంటి వైపు తిరిగి చూశాడు. ఇంజను ఆయన మోచేతిని గీరుకుంటూ వచ్చి కాళ్ల ముందర మట్టిలో దిగబడింది.

ఆయన మోచేతి నెత్తురును పాతగుడ్డతో తుడుచుకున్నాడు. తర్వాత నా దగ్గరికి వచ్చి, నా చేతులు తెరిచి చూశాడు. పాత పగుళ్లు, కొత్త పగుళ్లు, ఆముదం జిడ్డు, అన్నీ చూశాడు.

"ఎన్ని దినాలనుంచి ఇట్లుండాయి?"

"ఏం కాలేదు. నేను బాగనే పడ్తాండా గదా."

"చాలు. ఇంక నువ్వు మోకు ముట్టద్దు. ఒంటి మనిషి ఎత్తేట్టు ఒకటి చేస్తా. అంతవరకూ ఒక్క ఇంజనూ లేయదు."

అంత పొడుగు మాట ఆయన నోట నేను అదివరకు వినలేదు. విన్న ఒక్కటీ నా కడుపు కొట్టేదే అయింది.

ఆ కంబాలు చేయడం చూడాల్సిందే. నీళ్లు పడని బోర్లకు మా సీమలో కొదవేముంది, ఒక రైతు బోరులోంచి పీకేసిన లావు కేసింగు పైపులు తెచ్చాడు కాళ్లకు. అనంతపురంలో పాత ఇనుము అంగడి నుంచి ఒక గడ్డరు తెచ్చాడు దూలానికి, ఒక పాత చైన్ పుల్లీ తెచ్చాడు ఎత్తడానికి. గొలుసును కిరసనాయిల్లో నానేసి, ఒక్కొక్క లంకెనూ వేళ్ల మధ్య తిప్పి చూశాడు. కొక్కెం నోరు ఒక పిసరు తెరుచుకుని ఉందని పక్కన పారేసి, కొత్తది తెస్తానన్నాడు. "కొలిమిలో కాల్చి మళ్లీ వంచితే సరిపోదా?" అన్నాను. "కాల్చి వంచినేది పెళుసయితాది. ఎప్పుడిరుగుతాదో చెప్పి ఇరగదు" అన్నాడు. గోడల మీది పైపుకే ఆ పుల్లీ తగిలించొచ్చు కదా అంటే, "ఇవి రేకులు మోసేకి కట్టిన గోడలు, ఇంజను మోసేకి కాదు" అన్నాడు. కాళ్లు బాగా ఎడంగా చాపినట్టు ఉండాలనీ, వాటి మధ్య అడ్డపట్టీలు లేకపోతే అవి మరీ విచ్చుకుపోతాయనీ నేల మీద పుల్లతో గీసి చూపించాడు. ఇక్కడే ఉంది విచిత్రం. పైపు పట్టుకోడానికి, సుద్దగీత గీసేటప్పుడు దారం చివర పట్టుకోడానికి, బోల్టు బిగించేటప్పుడు అవతల పానా పట్టుకోడానికి నేనే కావాల్సి వచ్చాను. ఆ రోజుల్లో ఆయన నాతో మాట్లాడినన్ని మాటలు అంతకుముందు లేవు. నన్ను ఆ షెడ్డులోంచి పంపించేసే సాధనానికి నేనే సాయం చేస్తున్నానని తెలుసు. తెలిసీ పొద్దున్నే తల దువ్వుకుని పోయేదాన్ని.

నిలబెట్టిన తర్వాత వెంటనే ఇంజను తగిలించలేదు. ఏ ఇంజనుకన్నా ఎక్కువ బరువు ఎత్తి, ఒక దినమంతా వేలాడదీసి, కింద ఎవరూ నిలబడకుండా చూడాలన్నాడు. ఇంట్లో బరువైనవి విత్తనాల శనక్కాయ మూటలే. అవి మోసుకొస్తుంటే మా అత్త అడ్డం నిలబడింది.

"ఇత్తనాన్ని ఉరేస్తావారా? ఇత్తనం చూపు భూమి మీదుండాల. గాల్లో ఏలాడదీస్తే ఇంక ఈ జల్మలో వానొస్తాదా?"

ఆమెతో వాదించాలంటే ఆమెకు వినపడాలి కదా. మూటలు లోపలికి పోయాయి, వంకలోంచి ఇసుక తెచ్చి గోతాల్లో నింపాం. అదే మంచిదైంది. మొదటిసారి ఎత్తగానే ఒక కాలు మెల్లగా మట్టినేలలోకి దిగి, దూలం ఒక పక్కకు ఒరిగింది. శనక్కాయ మూటలైతే ఆమె పోయేదాకా ఆ మాట అంటూ ఉండేది. మా ఆయనకు మాత్రం ఏమీ కోపం రాలేదు. "ఇసకతోనే తెలిసిపాయ, మంచిదే" అని నాలుగు కాళ్ల కిందా మందపాటి బండలు పరిచాడు. దూలం పొడుగునా ఒక దారం లాగి కట్టి, రెండోసారి ఇసుక ఎత్తి మరుసటి రోజు వరకూ వదిలేశాడు. దారానికీ దూలానికీ మధ్య సందు ఎక్కడా పెరగలేదు, దూలం వంగలేదన్నమాట.

ఆ గోతాలు వేలాడుతుండగానే ఆయన నాకు ఇంకొక పరీక్ష పెట్టాడు. "నేను దాని కిందకి చెయ్యి పెట్టేకి పోతా. నువ్వు నా పేరు పెట్టి కేకెయ్."

"నా వల్ల గాదు."

"ఆ పొద్దు అత్తను పిలిస్తివి. మళ్లీ అత్తనే పిలుస్తావా?"

ఒకసారి నోరు తెరిచి మూశాను, ఇంకోసారి దగ్గు వచ్చింది, మూడోసారి నవ్వు వచ్చింది. ఆయన నిజంగానే గోతాల వైపు చెయ్యి చాపేసరికి "రామాంజులూ" అని ఊరంతా వినేట్టు అరిచాను. ఊళ్లో ఎవరున్నారు వినడానికి? పక్కన పిడుగు పడినా వినపడని మా అత్తకు అదొక్కటీ వినపడింది. సంగటి కట్టె చేతిలో పట్టుకుని బయటికి వచ్చి, ఆయన్నీ నన్నూ మార్చిమార్చి చూసి, "ఏం కాలమొచ్చె" అనుకుంటూ లోపలికి పోయింది. ఆయన నవ్వాడు. ఆయనకు పన్ను మీద పన్ను ఉందని నాకు ఆ రోజే తెలిసింది.

మొదటి ఇంజను ఎత్తింది ఆ తర్వాత. ఆయన ఒక చేత్తో గొలుసు లాగుతుంటే, చప్పుడు చేసుకుంటూ అంత ఇంజనూ మెల్లగా లేచింది. వదిలేస్తే ఎక్కడిది అక్కడే ఆగింది. జారలేదు, ఊగలేదు. ఆయన నా వైపు తిరిగి "ఎట్లుండాది?" అన్నాడు. నా అరచేతులు బాగుపడాలని ఎండలో మాడి చేసిన మనిషి అడుగుతున్నాడు. "బాగుండాది" అన్నాను. లోపలికి పోయి, సంగటి కెలుకుతూ ఏడ్చాను. పొయ్యి పొగ అనుకుని మా అత్త కట్టెలు ముందుకు లాగింది.

ఆ తర్వాత ఆయన గడప దగ్గరికి రాలేదు. ఎందుకు వస్తాడు? వంటింట్లో కూర్చుంటే షెడ్డులోంచి గొలుసు చప్పుడు వినపడేది. చప్పుడు ఆగితే ఇంజను పైకి లేచిందని, మళ్లీ మొదలైతే దిగుతోందని నాకు తెలిసేది. "నీకు సుకమాయ గదే" అంది మా అత్త. నిజమే, అరచేతులు నున్నగా అయ్యాయి. వాటిని చూసుకున్నప్పుడల్లా కోపం వచ్చేది. లక్ష్మక్క కోళ్లతో కూడా మాట్లాడబుద్ధి కాలేదు.

ఒక మధ్యాహ్నం ఇంక నావల్ల కాలేదు. చేటను అక్కడే పెట్టి షెడ్డులోకి పోయాను. ఇంజను కొక్కేనికి వేలాడుతోంది, ఆయన గొలుసు పట్టుకుని ఉన్నాడు.

"ఏమి?" అన్నాడు.

"ఏమీ లేదు. చేతులు అంత పగిలిపోయినా నేను ఎందుకు చెప్పలేదో ఒక పొద్దన్నా అడిగినావా? మోకు పట్టుకుంటేనే గదా నువ్వు నా మొగం చూసేది. ఈ ఇంట్లో నాకు మాట్లాడే మనిషి లేదు. నీకు ఇంజను ఎత్తేకి మనిషి అక్కర్లే. నాకు మాట్లాడేకి కావల్ల."

 ఆయన గొలుసు లాగుతూ ఇంజనును దించడం మొదలుపెట్టాడు. చెక్కదిమ్మెల మీద కూర్చోబెట్టి, అటూ ఇటూ నెట్టి చూసి, కదలదని నమ్మకం కుదిరిన తర్వాత కొక్కెం తీశాడు. ఈయనకు ఇంజనే ముఖ్యం అనుకుని నేను వెనక్కి తిరిగాను.

"బరువు పైన పెట్టుకోని మాట్లాడకూడదు. కూచో" అన్నాడు. ఒక పాత టైరు నా వైపు దొర్లించి, ఇంకొక దాని మీద తాను కూర్చున్నాడు. పాతగుడ్డతో ఒక్కొక్క వేలూ తుడుచుకున్నాడు. గొంతు సవరించుకున్నాడు.

"ఈ ఇంజను ముదిగుబ్బ ఆయప్పది."

"ఊ."

"ఆయప్పకు ఇద్దురు పెండ్లాలు. చిన్నామె ఇంటికి పోవల్లంటే పెద్దామె ఇంటి ముందరనే దోవ. సప్పుడైతే పెద్దామె బయటికొస్తాదని, ఆడికి పోతానే ఇంజను ఆపేసి, జీపు దిగి తోసుకుంటా పోతాడు. తోసి తోసి నడుము పట్టేసింది. పెద్దామే నూనె రాస్తాంటాది, ఏ పని చేసినావప్పా ఇంత నొప్పి అని."

నాకు మొదట నవ్వాలో వద్దో తెలియలేదు. తర్వాత పొట్ట పట్టుకుని నవ్వాను. "ఇదంతా నీకెట్ల తెలుసు?"

"ఆయప్పే చెప్పినాడు. అందురూ చెప్తారు. నాకు చెప్తే గోడకు చెప్పినట్లే గదా, యాడికీ పోదని."

మాటలే లేవనుకున్న మనిషి కడుపులో ఊళ్లకు ఊళ్లు ఉన్నాయి. బండి తెచ్చిన ప్రతివాడూ, ఇంజను విప్పుతున్నంతసేపూ పక్కన కూర్చుని తన గోడు వెళ్లబోసుకుని పోయేవాడట. ఆ రోజునుంచి మధ్యాహ్నం ఇంజను దించిన తర్వాత ఆయన ఒక టైరు మీద, నేను ఒక టైరు మీద. ఎవరి అల్లుడు అలిగి పోయాడో, ఎవరు ఏ కోర్టు మెట్లు ఎక్కారో, అన్నీ చెప్పేవాడు. ఒకటే షరతు, నేను ఎవరికీ చెప్పకూడదు. చెప్పడానికి ఎవరున్నారు గనక. మాకు పిల్లలు కలగలేదు. అత్త పోయింది. మేమిద్దరం ఆ టైర్ల మీదే ముసలివాళ్లమయ్యాం.

ఇప్పుడు రోడ్డు వెడల్పయింది. తాళాలు పడిన ఇళ్లు మిద్దెలయ్యాయి, బెంగళూరునుంచి తిరిగివచ్చినవాళ్లూ కొత్తవాళ్లూ కలిసి వీధి నిండా మనుషులే. ఎవరింట్లో చూసినా మాటలే, చేతిలోని ఫోన్లలోంచి. ఆయన పోయి ఏళ్లయింది, నాకు ఒంటరితనం అలవాటైందనుకున్నాను, కాలేదు. ఆ కథల్లోని మనుషులు దాదాపు అందరూ పోయారు, చెప్పిన మనిషీ పోయాడు. ఇంక దాచాల్సిన పని లేదు. అన్నీ నా ఒక్కదాని దగ్గరే మిగిలాయి, చెప్పుకోవాలని నాలుక పీకుతుంది.

ఆ రోజు ఆ మెకానిక్ కంబాలను ఆటోలోకి ఎక్కిస్తుంటే, ఆ అమ్మాయితో మొదలుపెట్టాను. "ముదిగుబ్బలో ఒకాయన ఉండేవాడమ్మా, ఆయనకు ఇద్దరు పెండ్లాలు." "అవునా అమ్మా" అంది ఫోనులోకి చూస్తూనే. అంతలో ఆటోలోంచి కేక వచ్చింది, ఎండ ముదురుతోంది రమ్మని. "ఇంగోసారి వచ్చినప్పుడు ఇంటాలేమ్మా" అని ఆ పిల్ల పరుగెత్తింది. ఆటో మలుపు తిరిగి, దాని చప్పుడు కూడా ఆగిపోయింది. నేను షెడ్డులోనే నిలబడి, మొదలుపెట్టిన కథను మధ్యలో ఆపలేక చివరిదాకా చెప్పాను. నవ్వాల్సిన చోట నేనే నవ్వాను.